విశాఖలో పెద్దవాళ్ళ కేర్ హోమ్‌ను ఎంచుకోవడం, చేర్చాక కనిపెట్టుకోవడం ఎలా

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, పెందుర్తి, మధురవాడ, భీమిలి దారి... ఎటు వెళ్ళినా ఇప్పుడు ఓల్డేజ్ హోమ్, ఎల్డర్ కేర్ బోర్డులు కనిపిస్తున్నాయి. స్టీల్ ప్లాంట్‌లోనో పోర్టులోనో షిప్‌యార్డులోనో రిటైరైన తండ్రి, మంచం దిగలేని తల్లి ఇక్కడ. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో. చాలామంది హోమ్‌ను ఎంచుకునేది గూగుల్ రేటింగ్ చూసి, ఫోన్‌లో మేనేజర్ మర్యాద చూసి, ముందు హాల్లో టైల్స్ చూసి. లోపల జరిగే సేవ వీటిలో దేంట్లోనూ కనపడదు.

మీ నాన్నగారు ఇవాళ నడుస్తున్నా సరే, హోమ్‌ను అంచనా వేయాల్సింది అక్కడ మంచం పట్టినవారిని బట్టే. నడిచేవారికి కాఫీ ఆలస్యమైతే వెళ్ళి అడుగుతారు. మంచం మీదున్నవారి దగ్గరికి ఎవరూ రాకపోతే, రాలేదంతే. మనుషులు చాలినంత ఉన్నారా, పని అలవాటుగా జరుగుతోందా అన్నది అక్కడే బయటపడుతుంది.

ముందు ఫోన్‌లో లెక్క తేల్చుకోండి

వెళ్ళే ముందే నాలుగు ప్రశ్నలు అడగండి. మొత్తం ఎంతమంది ఉన్నారు, అందులో లేవలేనివారు ఎందరు? రాత్రి డ్యూటీలో ఎందరు, వాళ్ళలో మెలకువగా ఉండేది ఎందరు? సిస్టర్ ఏం చదివారు? ఒంట్లో బాగోకపోతే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు?

ఒకే పక్కన పడుకుంటే పుండ్లు పడతాయి కాబట్టి "రెండు గంటలకోసారి పక్క మారుస్తామండీ" అని అందరూ చెబుతారు. ఆ మాటను లెక్కతో సరిచూడండి. లేవలేని మనిషిని పక్కకు తిప్పి, డైపర్ చూసి, అవసరమైతే మార్చి, దుప్పటి సర్దడానికి ఇద్దరికి పది నిమిషాలు పడుతుంది. అలాంటివారు పదిమంది ఉంటే వంద నిమిషాలు. రెండు గంటల్లో మిగిలేది ఇరవై నిమిషాలే. అంటే రాత్రి ఒక్క ఆయా ఉన్న చోట పదిమంది మంచం పట్టినవారికి రెండు గంటలకోసారి పక్క మారదు, ఆవిడ ఎంత మంచిదైనా సరే. మా అంచనాలో పగలు లేవలేని ఐదుగురికి ఒకరు, రాత్రి పదిమందికి ఇద్దరు మెలకువగా ఉండాలి. అంతకంటే తక్కువైతే పనులు వదిలేయక తప్పదు, ముందు వదిలేసేది రాత్రి రెండింటి పక్క మార్పునే.

సిస్టర్ విషయంలో ఒక్క మాట. ఒళ్ళు తుడవడం, తినిపించడం, తిప్పడం చెయ్యి తిరిగిన ఆయాలే బాగా చేస్తారు, దానికి డిగ్రీ అక్కర్లేదు. ఇన్సులిన్ మోతాదు చూడటం, తిండి పోయడానికి ముక్కు పైపు వేయడం, యూరిన్ పైపు మార్చడం మాత్రం జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి, ఆంధ్రప్రదేశ్ నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవారు చేయాలి. "ఇరవై ఏళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఉన్న సిస్టర్" అంటే రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. తెల్లకోటు ఎవరైనా వేసుకోవచ్చు.

ఆసుపత్రి ప్రశ్న దూరం గురించి. పక్షవాతం వస్తే గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అంతకుముందు సీటీ స్కాన్ అవ్వాలి. భీమిలి వైపు సముద్రం కనిపించే హోమ్ బాగానే ఉంటుంది, కానీ ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు రద్దీలో అంబులెన్సు నగరంలోకి రావాలి. సీటీ స్కాన్, రాత్రిపూట డాక్టరు ఉన్న ఆసుపత్రి ఎంత దూరమో కిలోమీటర్లలో కాదు, నిమిషాల్లో అడగండి.

రెండుసార్లు వెళ్ళండి, రెండోసారి చెప్పకుండా

మొదటిసారి చెప్పి, పగలు పదకొండింటికి వెళ్ళండి. రెండోసారి చెప్పకుండా సాయంత్రం ఏడు, ఎనిమిది మధ్య వెళ్ళండి. డ్యూటీ మారే సమయమది. పగటి ఆయా చీర మార్చుకుని ఆటో కోసం చూస్తుంటుంది, రాత్రి ఆయా ఇంకా రాలేదు, భోజనాల టైము. ఆదివారం మధ్యాహ్నం కూడా ఇలాంటిదే. గదుల్లోకి వెంటనే రానివ్వకపోతే తప్పు పట్టకండి, లోపల ఎవరికో ఒళ్ళు తుడుస్తూ ఉండొచ్చు. కానీ "అపాయింట్‌మెంట్ లేకుండా ఎప్పుడూ రాకూడదు" అనడం రూలైతే ఆ హోమ్ వదిలేయండి.

వాసన చూడండి. ఒక గదిలో ఆ క్షణాన మూత్రం వాసన వస్తే ఎవరో పక్క తడుపుకున్నారని అర్థం, అంతే. మీరు అరగంట తర్వాత వచ్చినా అదే గదిలో అదే వాసన ఉంటే పరుపుల్లోకి దిగిపోయిందన్నమాట. గుప్పుమనే ఫినాయిల్, రూమ్ స్ప్రే వాసనను కూడా అనుమానించండి. మన ఉక్కపోతలో తడి పరుపు ఆరదు. పరుపులకు రెక్సిన్ తొడుగు ఉందా, అది చిరిగి ఉందా అన్నది చూడండి.

వినండి. "మామ్మగారూ, ఇటు తిరుగుతారా" అంటున్నారా, "ఏయ్ ముసలమ్మా, తిరుగు" అంటున్నారా? పేర్లు తెలుసా? ఇద్దరు ఆయాలు పెద్దావిడ మీదుగా తమ కబుర్లు చెప్పుకుంటూ ఆవిణ్ణి దొర్లిస్తున్నారా?

ఏదో ఒక మంచం దగ్గర కాలింగ్ బెల్ నొక్కి గడియారం చూడండి, మేనేజర్ అనుమతితోనే. ఐదు నిమిషాల్లో మనిషి రావాలి. కొన్నిచోట్ల బెల్ ఉంటుంది, వైరు మాత్రం మంచం వెనక గోడకు చుట్టి ఉంటుంది. అది మనిషి చేతికి అందదు.

బాత్రూమ్‌లో మీరే కమోడ్ మీద కూర్చుని లేవండి. కమోడ్ 17 నుంచి 19 అంగుళాల ఎత్తు, పక్కన గోడకు పట్టుకునే రాడ్డు, జారని నేల, గడప లేకపోవడం, బయటికి తెరుచుకునే తలుపు ఉండాలి. మనిషి లోపల పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపు ఆ మనిషికే అడ్డుపడి తెరుచుకోదు. రాడ్డును పట్టుకుని బలంగా గుంజండి. సముద్రపు ఉప్పుగాలికి ఇక్కడ స్క్రూలు తుప్పు పట్టి ఊడివస్తాయి. చక్రాల కుర్చీ బ్రేకులు కూడా అంతే: బ్రేకు వేసి, కుర్చీని తోసి చూడండి.

అపార్ట్‌మెంట్‌నో పాత ఇంటినో అద్దెకు తీసుకుని నడిపే హోమ్‌లు చాలా ఉన్నాయి. పై అంతస్తైతే లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందా అని కొలవండి. పట్టకపోతే అత్యవసరంలో మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి దించాలి. తుంటి విరిగిన మనిషిని అలా దించడం ఎలా ఉంటుందో ఆలోచించుకోండి. మంటలార్పే సిలిండర్ మీద రీఫిల్ తేదీ, రెండో మెట్లదారి, ఫైర్ శాఖ ఎన్‌ఓసీ కూడా అప్పుడే చూసేయండి.

ఒళ్ళే అసలు రికార్డు

ఇంకొకరి అమ్మగారి దుప్పటి ఎత్తి చూసే హక్కు మీకు లేదు. చేర్చకముందు బయటికి కనిపించేవే చూడాలి: పెదాలు ఎండి పగిలాయా, గోళ్ళు పెరిగాయా, మగవారికి గడ్డం ఎన్నాళ్ళది, కళ్ళజోడు మురికిగా ఉందా, వినికిడి మిషన్ చెవిలో ఉందా డ్రాయర్‌లో ఉందా. హాల్లోంచి నలుగురైదుగురు ఏ పక్కకు తిరిగి పడుకున్నారో గుర్తుపెట్టుకోండి. ఆఫీసులో కాగితాల గురించి మాట్లాడి, టీ తాగి, రెండున్నర గంటల తర్వాత మళ్ళీ అటుగా నడవండి. అందరూ అదే భంగిమలో ఉంటే, పక్క మార్చిన వేళలు రాసి గోడకు తగిలించిన టర్నింగ్ చార్టులో ఎన్ని టిక్కులున్నా పక్కన పెట్టండి. అన్నట్టు ఆ చార్టులో రాత్రి టిక్కులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, నిలువుగా ఒక్క గీతలో ఉన్నాయా అన్నది కూడా చూడండి. పొద్దున్నే కూర్చుని ఒక్కసారి నింపేస్తే అలాగే ఉంటుంది.

చేర్చాక మీవారి ఒళ్ళు మీరే చూడాలి. మొదటి రోజు చేర్చేటప్పుడే సిస్టర్ ఎదుట తల నుంచి పాదాల దాకా చూసి, ఉన్న మచ్చలు, పుండ్లు కొలతతో సహా రాయించి సంతకం చేయించండి. ఇది హోమ్‌కూ రక్షణే. తర్వాత వెళ్ళినప్పుడల్లా నడుము కింద ఎముక, తుంట్లు, మడమలు, చీలమండలు, మోచేతులు, తల వెనక, చెవి అంచులు చూడండి. ఎక్కువమంది మరచిపోయేది మడమలు.

ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే రక్తప్రసరణ ఉన్నట్టే, వెంటనే పక్క మారిస్తే చాలు. నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే, పైచర్మం చిట్లకపోయినా సరే. నల్లని ఒంటిమీద ఎరుపు తెలియదు, ఈ పరీక్షా పనిచేయదు. అక్కడ చేతి వెనకవైపు ఆనించి చూడండి: పక్కనున్న చర్మం కంటే వెచ్చగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో, నల్లగా కమిలినట్టుగానో ఉంటే అదే గుర్తు. అలాంటి చోట మర్దనా చేయకూడదు, లోపల దెబ్బతిన్న కండ ఇంకా చితుకుతుంది. గుండ్రటి రింగు దిండు కూడా వద్దు, చుట్టూ ఒత్తి మధ్యలోకి రక్తం రానివ్వదు. పౌడర్ చల్లడం చూసేవాళ్ళకు శుభ్రంగా కనిపించడానికే. తడితో కలిసి ఉండ కట్టి చర్మాన్ని గీరుతుంది.

"ఎయిర్ బెడ్ వేశాం" అంటే పక్క మార్చనక్కర్లేదని కాదు. ఆ బెడ్ పనిచేస్తోందో లేదో కూడా చూడాలి. మనిషి పడుకుని ఉండగానే నడుము ఎముక కింద, గాలి పరుపుకూ మామూలు పరుపుకూ మధ్య అరచెయ్యి పైకి తిప్పి దూర్చండి. మీ చేతికీ ఎముకకూ మధ్య కనీసం ఒక అంగుళం గాలి ఉండాలి. ఎముక చేతికి తగిలితే ఆ పరుపు ఉన్నా లేనట్టే. కారణం చాలాసార్లు చిన్నదే: మోటారు చప్పుడని రాత్రి స్విచ్ ఆపేస్తారు, సెల్‌ఫోన్ చార్జింగ్‌కని ప్లగ్గు పీకేస్తారు, లేదా బరువుకు తగ్గట్టు మీట తిప్పలేదు.

డైపర్ విషయంలో రోజుకు ఎన్ని వాడుతున్నారో లెక్క అడగండి. పూర్తిగా డైపర్ మీదున్నవారికి నాలుగైదు మామూలు. రెండే వాడుతున్నారంటే తడిలో ఉంచుతున్నారు. మీరు ప్యాకెట్లు కొనిచ్చే పద్ధతైతే మిగిలినవి లెక్కపెట్టండి. తొడల సందుల్లో ఎర్రటి చెమ్మ, అంచుల్లో చిన్న చిన్న పొక్కులు ఉంటే ఫంగస్. ఈ ఊళ్ళో ఉక్కకు అది మామూలే గానీ, వారం దాటినా తగ్గకపోతే ఆరనివ్వడం లేదన్నమాట. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర రాత్రిపూట దురద అంటే గజ్జి అనుమానించండి. ఒకరికి వస్తే ఆ గదిలో అందరికీ, ఆయాలకీ కలిపి ఒకేసారి మందు రాయకపోతే అది పోదు.

యూరిన్ పైపు ఉంటే సంచి మూత్రాశయం కంటే కిందుగా వేలాడాలి, నేలను తాకకూడదు, పైపు తొడకు అంటించి ఉండాలి. పక్క మార్చేటప్పుడు సంచిని మంచం మీద పెట్టేస్తే మురికి మూత్రం వెనక్కి వెళ్ళి ఇన్ఫెక్షన్ వస్తుంది. అసలు పైపు ఎందుకు వేశారో అడగండి. డైపర్లు మార్చే పని తగ్గుతుందని వేయకూడదు.

తిండి, నీళ్ళు

మెనూ బోర్డు చదివి తృప్తిపడకండి. భోజనాల టైముకు వెళ్ళి, తనంతట తినలేనివారి దగ్గర నిలబడండి. తినిపించేటప్పుడు మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి, గడ్డం కొద్దిగా కిందికి ఉండాలి, ముద్ద మింగాకే ఇంకో చెంచా పెట్టాలి. ఆయా నిలబడి పైనుంచి పెడితే పెద్దాయన తల పైకెత్తి మింగాలి, అప్పుడే పొలమారుతుంది. చెంచా చెంచాకూ దగ్గు, తిన్నాక గొంతు గరగర, బుగ్గలో ముద్ద మిగిలిపోవడం చూస్తే మింగడంలో తేడా ఉన్నట్టు. ఊపిరితిత్తుల్లోకి తిండి పోతోందేమో డాక్టరు చూడాలి. ఇలాంటివారికి నీళ్ళలాంటి పలచని చారు కంటే చిక్కటి రాగిజావ, మెత్తగా కలిపిన పెరుగన్నం సులువు. ఒక మనిషికి నోటితో తినిపించడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాల్లో అయిపోయిందంటే సగం ప్లేటు తిరిగి వంటింటికి వెళ్ళినట్టే.

ముక్కు పైపుతో పోసేటప్పుడు కచ్చితంగా ఒకసారి దగ్గరుండి చూడండి. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి. పైపు మీద గుర్తు ముక్కు దగ్గర ముందున్నచోటే ఉందో లేదో, పైపు కడుపులోనే ఉందో లేదో చూసుకున్నాకే పోయాలి. 50 మిల్లీలీటర్ల సిరంజిలో పిస్టన్ తీసేసి, సిరంజి పైకెత్తి పట్టుకుంటే తిండి తనంతట దిగాలి. 200 మిల్లీలీటర్లకు పావుగంట, ఇరవై నిమిషాలు పట్టాలి. పిస్టన్‌తో రెండు నిమిషాల్లో తోసేస్తే వాంతి అవుతుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందూ వెనకా ఓ 30 మిల్లీలీటర్ల నీళ్ళు పోయాలి, లేకపోతే పైపు మూసుకుపోతుంది. అయ్యాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. "పోసేశాం" అని వెంటనే మంచం వంచేసే చోట న్యుమోనియాలు ఎక్కువ.

రాత్రి భోజనానికీ పొద్దున్న టిఫిన్‌కూ మధ్య ఎన్ని గంటలో అడగండి. వంటమనిషి త్వరగా వెళ్ళాలని ఆరున్నరకే వడ్డించేసి, పొద్దున్న ఎనిమిదిన్నరకు ఇడ్లీ ఇస్తే పద్నాలుగు గంటలు. షుగరున్నవారికి ఇది ప్రమాదం, పడుకునే ముందు పాలో జావో ఉండాలి.

తిండి సరిపోతోందా అన్నదానికి ఒక్కటే కొలత, బరువు. చేర్చిన రోజు తూయించండి, నెలనెలా తూయించండి. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే డాక్టరు చూడాల్సిందే. 60 కిలోల మనిషికి నెలలో 3 కిలోలన్నమాట. నిలబడలేనివారికి టైలర్ టేపుతో పిక్క చుట్టుకొలత తీసి రాసుకోండి, కాళ్ళ వాపు లేకపోతేనే. 31 సెంటీమీటర్ల కంటే తక్కువైతే కండ కరిగిపోయిందని అర్థం. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పనివారికి రోజుకు లీటరున్నర దాకా వెళ్ళాలి. గ్లాసు అందేంత దూరంలో ఉందా అన్నది చూడండి. చేయి వణికేవారికి నిండు గ్లాసు ఇస్తే తాగరు.

మందుల ట్రే

పొద్దున్న ఎనిమిదింటికి మందులిచ్చే సమయంలో అక్కడ ఉండటానికి ప్రయత్నించండి. మంచి పద్ధతి ఇలా ఉంటుంది: ఒక్కొక్కరికి పేరు రాసిన పెట్టె, షీటు చూసుకుంటూ స్ట్రిప్ నుంచి అప్పుడే కోసిన మాత్ర, మింగేదాకా నిలబడటం, మింగాక సంతకం. చెడ్డ పద్ధతి: రాత్రే చిన్న గిన్నెల్లో అందరి మాత్రలూ విప్పి పెట్టి, గిన్నెల కింద చీటీలు. ఒక చీటీ ఫ్యాను గాలికి ఎగిరితే పక్క మంచం బీపీ మాత్ర మీ అమ్మగారి నోట్లో పడుతుంది.

మీరు చేయగల పరీక్ష సులువైనది. ముప్పై మాత్రలు కొనిచ్చిన తేదీ రాసుకోండి. రోజుకొకటైతే పదకొండో రోజు పొద్దున్న మాత్ర వేయకముందు ఇరవై ఉండాలి. ఇరవైమూడు ఉంటే మూడు రోజులు వేయలేదు. పదిహేడు ఉంటే ఇంకెవరికో పోతున్నాయి. రక్తం పలచబడే మందు, ఫిట్స్ మందు, నిద్రమాత్రల మీద ఈ లెక్క ముందు వేయండి. ముక్కు పైపున్నవారికి మాత్రలు నూరి పోస్తారు, కానీ స్ట్రిప్ మీద ఎస్ఆర్, ఎక్స్ఆర్, సీఆర్ అని ఉన్నవి నూరకూడదు. రోజంతా మెల్లగా కరగాల్సిన మందు ఒక్కసారే రక్తంలోకి పోతుంది. అలాంటివి ఉంటే డాక్టరు చేత మార్పించండి.

ఇన్సులిన్ దగ్గర జరిగే పొరపాటు సూదిలో కాదు, టైములో. సిస్టర్ ఏడింటికల్లా అందరికీ వరసగా పొడిచేస్తుంది, వంటింట్లోంచి టిఫిన్ ఎనిమిదిన్నరకు వస్తుంది. మామూలుగా వాడే మిక్స్‌డ్ ఇన్సులిన్ వేసిన అరగంటలో తినాలి. ఈ గంటన్నరలో షుగర్ 70 కంటే కిందికి దిగితే చెమటలు, వణుకు, తికమక. పెద్దవాళ్ళలో ఒక్కోసారి ఇవేవీ లేకుండా మత్తుగా పడుకుంటారు, "నిద్రపోతున్నారులే" అనుకుంటారు. షుగర్ పడిపోతే ఏం చేస్తారని ఆయాను అడగండి, సిస్టర్‌ను కాదు. మెలకువగా ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ చూస్తాం అని రావాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఇన్సులిన్ నిల్వ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఫ్రీజర్ పక్కన కాదు. తెరిచిన సీసా మీద తెరిచిన తేదీ రాసి ఉండాలి. చాలా రకాలు తెరిచిన 28 రోజుల తర్వాత పారేయాలి.

వాడిన సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, రక్తం చీము అంటిన దూది పసుపు సంచిలోకి వెళ్ళాలి. సూదులు మామూలు చెత్తబుట్టలో కనిపిస్తే నగరపాలక సంస్థ (జీవీఎంసీ) చెత్త బండి మనిషి చేతికి గుచ్చుకుంటాయి. ఆ మాత్రం పట్టని చోట మిగతా పద్ధతులు కూడా అంతంతమాత్రమే.

మతిమరుపు ఉన్నవారికి

అల్జీమర్స్‌లాంటి జబ్బున్నవారు సాయంత్రం నాలుగు దాటాక అలజడి పడతారు, ఇంటికి వెళ్ళిపోతానంటారు. అప్పుడు ఏం చేస్తారని అడగండి. తోడు నడుస్తాం, పాటలు పెడతాం, పని కల్పిస్తాం అనాలి. "డాక్టరుగారు మాత్ర రాశారు, వేస్తే పడుకుంటారు" అన్నది మొదటి జవాబైతే జాగ్రత్త. పగలు పదకొండింటికి హాల్లో సగంమంది తల వాల్చి చొంగ కారుతూ ఉంటే ఆ జవాబు మీరు అడగకుండానే వచ్చినట్టు. మీవారికి కొత్తగా నిద్రమాత్ర గానీ మానసిక జబ్బు మందు గానీ మొదలుపెడితే మీకు ముందు చెప్పాలని, ఎన్నాళ్ళకు ఆపుతారో రాయాలని చేరేటప్పుడే షరతు పెట్టండి.

చేతులు మంచానికి కట్టడం కొన్నిచోట్ల మామూలైపోయింది. మణికట్టు మీద గుండ్రటి కమిలిన గుర్తు, మంచం రాడ్లకు మిగిలిన గాజుగుడ్డ ముడులు కనిపిస్తే నిలదీయండి. "పైపు పీకేసుకుంటున్నారు" అంటారు. నిజమే కావచ్చు, అప్పుడు చేతికి మెత్తటి గ్లౌజు వేయవచ్చు, పక్కన మనిషిని కూర్చోబెట్టవచ్చు.

సంక్రాంతి, తుపాను

ఇక్కడి ఆయాలు, వార్డ్ బాయ్‌లు చాలామంది శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, పాడేరు వైపు నుంచి వచ్చినవారు. సంక్రాంతికి అందరూ ఊళ్ళకు వెళ్తారు. "పోయిన పండక్కి ఎవరున్నారు?" అని అడిగి, పేర్లు చెప్పలేకపోతే ఆ మూడు నాలుగు రోజులు మీరే ఉండేలా చూసుకోండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. కరెంటు పోతే ఎయిర్ బెడ్, కఫం లాగే మిషన్, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, లిఫ్టు, నీళ్ళ మోటారు అన్నీ ఆగుతాయి. ఇన్వర్టర్ ఫ్యాన్లకే సరిపోతుంది. జనరేటర్ ఉందా, దేనికి కనెక్షన్ ఉంది, డీజిల్ ఎన్ని గంటలకు ఉంది అని అడిగి, ఒకసారి ఆన్ చేసి చూపించమనండి. ఆక్సిజన్ సిలిండర్‌కు లెక్క ఉంది. చిన్న బీ టైపులో నిండుగా దాదాపు 1,500 లీటర్లు, పెద్ద డీ టైపులో 7,000 లీటర్లు. నిమిషానికి 2 లీటర్లు వాడే మనిషికి చిన్నది పన్నెండున్నర గంటలు, పెద్దది రెండున్నర రోజులకు కొంచెం తక్కువ. మూలన ఉన్న సిలిండర్ వాల్వు తిప్పి మీటరు చూడండి, అలంకారానికి ఖాళీది పెట్టే చోట్లు ఉన్నాయి.

కాగితాలు, డబ్బు

సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్ చూపిస్తే ఆ సంస్థ ఉందని తెలుస్తుంది, సేవ ఎలా ఉందో తెలియదు. సెలైన్లు, ఆక్సిజన్ పెట్టి వైద్యం చేస్తామనే చోటైతే ప్రైవేటు వైద్య సంస్థల 2002 నాటి రాష్ట్ర చట్టం కింద జిల్లా వైద్య ఆరోగ్య అధికారి దగ్గర రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. వంటింటికి 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు ఉండాలి.

నెల ఫీజులో ఏవి రావో రాయించుకోండి: డైపర్లు, గ్లౌజులు, ఎయిర్ బెడ్ అద్దె, ఫిజియోథెరపీ, డాక్టరు విజిట్, అంబులెన్సు, ఆసుపత్రిలో తోడుండే మనిషి. ఆసుపత్రిలో చేరిన రోజులకు మంచం చార్జీ ఉందా, మధ్యలో తీసుకెళ్తే అడ్వాన్సు ఎన్నాళ్ళకు తిరిగిస్తారు అన్నవి కూడా. పెన్షన్ ఏటీఎం కార్డు, పిన్ను హోమ్ చేతికి ఇవ్వకండి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్‌కు సాయం చేస్తారా అని మాత్రం అడగండి, మంచం మీదున్న పెన్షనరుకు అది పెద్ద పని.

అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఒకటుంది: మనిషి పోతే ఏం చేస్తారు? మరణ కారణం ఫారం 4ఏ మీద ఏ డాక్టరు సంతకం పెడతారు, మీరు వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సు ఎవరు తెప్పిస్తారు? జీవీఎంసీలో 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. పిల్లలు వేరే దేశంలో ఉన్నవారు దీన్ని ముందే రాతలో పెట్టుకోవాలి.

తేడా కనిపిస్తే

మొదటి నెల వారానికి రెండుసార్లు, వేర్వేరు వేళల్లో ఎవరో ఒకరు వెళ్ళాలి. పిల్లలు దూరాన ఉంటే తమ్ముడినో పిన్నినో పాత కాలనీ స్నేహితుడినో పురమాయించండి. వీడియో కాల్‌లో ముఖమే కనపడుతుంది కాబట్టి మడమలు, నడుము కూడా చూపించమనండి. చూసింది ఫోటో తీసి, తేదీతో దాచండి.

ముందు సిస్టర్‌తో, తర్వాత మేనేజర్‌తో మాట్లాడండి. ఆయాను అందరి ముందూ తిట్టకండి. రాత్రి మీరు వెళ్ళిపోయాక మీ అమ్మగారి దగ్గర ఉండేది ఆవిడే. మాట్లాడినది అదే రోజు వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో రాసి పంపండి. చిన్న విషయాలకు వారం గడువివ్వండి. చర్మం చిట్లిన పుండు, కట్టేయడం, కొట్టడం, మందులు తారుమారు కావడం గడువిచ్చే విషయాలు కావు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కో మీరు చూపించుకునే ఆసుపత్రికో తీసుకెళ్ళి, డాక్టరు చేత గాయాల వివరం రాయించండి.

పెద్దల హెల్ప్‌లైన్ 14567 ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉచితంగా పనిచేస్తుంది, దెబ్బలు, ప్రమాదమైతే 112. డబ్బు వివాదానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు గానీ వెళ్ళవచ్చు. సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. హోమ్ మార్చే పక్షంలో మందుల షీటు, బరువుల రికార్డు, చివరి రక్తపరీక్షలు, పైపులు మార్చిన తేదీలు రాసిచ్చాకే బయల్దేరండి. అవి లేకుండా వెళ్తే కొత్త చోట మొదటి వారం ఇన్సులిన్ మోతాదు కూడా ఊహించి వేస్తారు.